డాబా మీద స్పిరులినా: నువ్వుల చెక్క, కల్లుప్పు, సరుగుడు బూడిదతో

"ఏంది అబ్బయా, అందరూ తొట్లో పాచి పడితే గీకి పారేస్తారు, నువ్వేంది పెంచతా ఉండావు?" అని మా పక్కింటి పెద్దాయన అడిగాడు. ఆయన అడిగింది నిజమే. చూడటానికి అది పాచే. కానీ ఎండబెట్టి తూకం వేస్తే అందులో సగానికి పైగా మాంసకృత్తులే ఉంటాయి. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున ఉండే జనం తరతరాలుగా దీన్ని గుడ్డతో వడకట్టి, ఇసుక మీద ఎండబెట్టి, అట్టుల్లాగా చేసుకుని పులుసులో వేసుకుంటున్నారు. పేరు స్పిరులినా. శాస్త్రప్రకారం ఇది నాచు కూడా కాదు, కిరణజన్య సంయోగక్రియ చేసే ఒక రకం బ్యాక్టీరియా. వాడుకలో అందరం నాచు అనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

నేను అల్లూరు దగ్గర ఉంటాను. సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో, ఆల్గే రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. రొయ్యపిల్ల జోయియా దశలో ఉన్నప్పుడు దానికి కీటోసెరాస్, స్కెలెటోనెమా లాంటి నాచుల్ని పెంచి పెట్టడం మా పని. అక్కడ అన్నీ లెక్క ప్రకారం కలిపిన రసాయన పోషకాలే. ఇంట్లో మనం తినడానికి పెంచుకునేటప్పుడు అవి లేకుండా కుదురుతుందా అనే పట్టుదలతో మొదలుపెట్టాను. కుదిరింది. కానీ దానికి ముందు రెండుసార్లు చెడింది. చెడిన సంగతులు కూడా చెబుతాను, మీ డబ్బూ రోజులూ మిగులుతాయి.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. సేంద్రియ ఎరువు మొక్కకి వేస్తే మధ్యలో నేల ఉంటుంది. పేడలో ఉన్న సూక్ష్మజీవుల్ని, మురికిని నేల వడకడుతుంది, వేరు తనకి కావలసింది తీసుకుంటుంది, మనం కాయ కోసుకుంటాం. తొట్టిలో ఆ నేల లేదు. తొట్టిలో పోసిందేదైనా వడకట్టిన ముద్దతో కలిసి నేరుగా మన నోట్లోకి వస్తుంది. అందుకని "సేంద్రియమే కదా, ఏమవుతుందిలే" అనే మాట ఇక్కడ పనికిరాదు. మన జిల్లాల్లో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, పేడ, పంచితం కలిపి పులియబెట్టే జీవామృతం ఇంట్లోనే ఉంటుంది. నేనూ మొదటిసారి అదే పోశాను. మూడో రోజుకి తొట్టి మీద తెల్లటి నురగ కట్టింది, ఆరో రోజుకి దగ్గరికి పోలేనంత కంపు. వరిమడిలో బంగారం లాంటి జీవామృతం ఈ తొట్టికి విషమైంది. పేడ, ఆవు పంచితం, బయోగ్యాస్ స్లర్రీ ఏవీ మనుషులు తినే తొట్టిలో పోయొద్దు. కరువు ప్రాంతాల కోసం విదేశాల్లో రాసిన కొన్ని చేతిపుస్తకాల్లో మనిషి మూత్రం కూడా వాడొచ్చని ఉంటుంది. పెరగడం పెరుగుతుంది. కానీ ఇంటిల్లిపాదికీ పెట్టే తిండికి ఆ దారి నేను చెప్పను.

అలాగే పూర్తి సేంద్రియం అనేది కూడా ఇక్కడ లేదు. వంటసోడా తప్పదు. స్పిరులినాకి క్షారపు నీళ్లు కావాలి, పీహెచ్ 9 నుంచి 10.5 మధ్య ఉండాలి. ఆ నీళ్లలో మిగతా నాచుల్లో చాలావరకూ, చాలా రకాల చెడ్డ సూక్ష్మజీవులూ బతకలేవు. అదే దాని కంచె. సోడా, ఉప్పు ఖనిజాలు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఇనుము మాత్రం మనం నూనె తీసిన నువ్వుల చెక్క నుంచి, బూడిద నుంచి, మేకుల నుంచి ఇస్తాం.

నీళ్లు

మన దగ్గర అన్నిటికంటే కష్టమైన విషయం నీళ్లే. కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో అక్కడి పళ్లు, మోకాళ్లు చెబుతాయి. ఆ నీళ్లు రోజూ తొట్టిలో పోస్తుంటే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ తొట్టిలోనే ఉండిపోతుంది, నెల నెలకీ చిక్కబడుతుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పు, కఠినత్వం ఎక్కువ. అలాంటి నీళ్లలో సోడా కలిపితే తెల్లగా సున్నం విరిగి అడుగున పేరుకుంటుంది, దాంతోపాటు భాస్వరం, ఇనుము కూడా అడుక్కి పోతాయి.

డాబా మీద పడిన వాన నీళ్లు మొదటి రెండు వానలు వదిలేసి పట్టుకుంటే శ్రేష్ఠం. లేదంటే తాగే ఆర్‌ఓ నీళ్లు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు వద్దు, అందులో మురికి రెట్టింపు ఉంటుంది. రొయ్యల గుంట నీళ్లు, కాలువ నీళ్లు, చెరువు నీళ్లు అసలు వద్దు. మున్సిపల్ కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజంతా వెడల్పు పాత్రలో ఎండలో పెట్టండి.

తొట్టి

పాడి ఉన్నవాళ్లకి, పశువుల మేత కోసం నీళ్లలో పెంచే అజొల్లా తొట్టి తెలుసు. అదే పద్ధతి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో ఇటుకలు పేర్చి, లోపల గోనెసంచులు పరిచి, వాటి మీద మందపాటి సిల్పాలిన్ పట్టా వేయండి. అంచులు ఒక అడుగు లేవాలి, కానీ నీళ్లు ఆరంగుళాలే నింపాలి. లోతు ఎక్కువైతే వెలుతురు అడుక్కి చేరదు. ఇంత తొట్టిలో సుమారు 240 లీటర్లు పడతాయి. అంటే 240 కిలోల బరువు. డాబా మీద పెట్టేవాళ్లు స్లాబు నడుమ కాకుండా కింద గోడ లేదా బీమ్ ఉన్నచోట పెట్టండి. పాత ఇల్లయితే పెరట్లోనే పెట్టుకోండి.

కొత్త పట్టాని సబ్బు లేకుండా రెండుసార్లు కడిగి, ఒక రోజు నీళ్లు నిలవబెట్టి పారబోయండి.

పైన రెండు పొరలు కావాలి. ఒకటి యాభై శాతం నీడనిచ్చే పచ్చ షేడ్‌నెట్. రెండోది వాన పడకుండా ఏటవాలుగా కట్టిన పారదర్శకపు ప్లాస్టిక్ షీటు. చుట్టూ దోమతెర. కాకి రెట్ట, పావురం రెట్ట ఒక్కసారి పడినా ఆ తొట్టిలోది తినకూడదు. చీమకుర్తి చుట్టుపక్కల క్వారీల దుమ్ము వచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లు దోమతెర బదులు పక్కలకి కూడా షీటే కట్టి, గాలికి రెండు కిటికీలు వదలండి.

విత్తనం

చెరువు మీద కనిపించే పచ్చని తెట్టుని తెచ్చి తొట్టిలో వేసేవాళ్లున్నారు. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ఆ తెట్టులో మైక్రోసిస్టిస్ అనే నాచు ఉండొచ్చు, దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. స్వచ్ఛమైన స్పిరులినా విత్తనం, అంటే బతికున్న స్పిరులినా ఉన్న నీళ్లు, నాచుల్ని భద్రపరిచే కల్చర్ సెంటర్ నుంచి గానీ, నమ్మకంగా పెంచేవాళ్ల దగ్గర నుంచి గానీ తెచ్చుకోండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఇలాంటి నీలి ఆకుపచ్చ నాచుల కోసమే ఒక కేంద్రం ఉంది. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ, చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం ఎప్పట్నుంచో స్పిరులినా మీద పనిచేసిన సంస్థలు.

తెచ్చిన విత్తనం ఒక చిన్న సీసాలో పోసుకుని దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌కి వెళ్లండి. రొయ్యల రైతుల నీళ్లలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చూడటం వాళ్లకి రోజూ ఉండే పనే. మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమనండి. స్పిరులినా అయితే చిన్న స్ప్రింగుల్లా, మెలికలు తిరిగిన పచ్చటి దారాల్లా కనిపిస్తుంది. గుండ్రటి చుక్కల గుంపులు కనిపిస్తే ఆ విత్తనం వద్దు. నెలకోసారి ఇలా చూపించుకుంటే మనసుకి నిమ్మళం.

చెక్క ద్రావణం

అసలు పని ఇదే. కొంచెం ఓపిక పట్టి చదవండి.

నువ్వుల చెక్కలో నూటికి ఆరు పాళ్ల దాకా నత్రజని ఉంటుంది, భాస్వరం కూడా ఉంటుంది. చెనక్కాయల చెక్కలో నత్రజని ఇంకొంచెం ఎక్కువే, కానీ దాన్ని నేను వాడను. చెనక్కాయలకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, మనం తినేదాంట్లోకి అది రాకూడదు. వేపచెక్క కూడా వద్దు, మనకి కావలసిన బ్యాక్టీరియానే అది అణిచేస్తుంది. గానుగ దగ్గర అదే రోజు ఆడించిన నువ్వుల చెక్క తెచ్చుకోండి. చేత్తో విరిస్తే పొడిపొడిగా విరగాలి, కమ్మటి వాసన రావాలి. ముక్కిన వాసన వస్తే గేదెకి కూడా పెట్టకండి.

చెక్కలో నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. స్పిరులినా దాన్ని అలాగే తినలేదు. ముందు కుళ్లి అమ్మోనియా కావాలి, తర్వాత నైట్రైట్, చివరికి నైట్రేట్. రొయ్యల రైతులకి ఈ వరస కంఠతా వచ్చు. పీహెచ్ పెరిగితే అమ్మోనియా ఎంత ప్రమాదమో కూడా వాళ్లకి తెలుసు. మన తొట్టిలో పీహెచ్ 10. ఆ పీహెచ్ దగ్గర అమ్మోనియాలో నూటికి ఎనభై పాళ్లకి పైగా విషపు వాయువు రూపంలోనే ఉంటుంది. సగం కుళ్లిన చెక్క నీళ్లు పోస్తే స్పిరులినా ఒక్క రాత్రిలో చస్తుంది. రొయ్యల గుంటల్లో బ్లూమ్ (నీళ్లలో నాచు పచ్చదనం) కోసం తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి పులియబెట్టే జ్యూస్ కూడా ఇక్కడ పనికిరానిది అందుకే. అది పులిసిన నీళ్లు. మనకి కావలసింది గాలి పట్టించి, పూర్తిగా మాగబెట్టిన నీళ్లు.

వంద లీటర్ల డ్రమ్ము తీసుకోండి, రసాయనాలు పోసి పెట్టినది కాకూడదు. వాన నీళ్లు నింపి, చేపల తొట్టికి వాడే ఎయిర్ పంప్ పెట్టి, బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ అడుక్కి దించండి. పొలంలో చెట్టు కింద పేడ తగలని మంచి మట్టి గుప్పెడు తెచ్చి పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి. మనకి కావలసిన బ్యాక్టీరియా ఆ మట్టిలోనే ఉంటుంది. చెక్క మొత్తం అరకిలో. దాన్ని ఒకేసారి వెయ్యొద్దు. దంచి, రోజుకి యాభై గ్రాముల చొప్పున పది రోజులు వెయ్యండి. పైన నూనె తెట్టు కడితే గరిటెతో తీసేయండి. గాలి ఒక్క గంట కూడా ఆగకూడదు. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ పంప్ కొనుక్కోండి, అది దండగ ఖర్చు కాదు.

మొదటి వారం కంపు వస్తుంది. రెండో వారంలో తగ్గుతుంది. ఆక్వా షాపుల్లో దొరికే అమ్మోనియా కిట్, నైట్రైట్ కిట్ తెచ్చుకుని రెండు రోజులకోసారి చూడండి. ముందు అమ్మోనియా బాగా పెరిగి దిగుతుంది, అది దిగేటప్పుడు నైట్రైట్ లేస్తుంది. నైట్రైట్ కూడా దిగిపోయి రెండు కిట్లూ సున్నా చూపిస్తే ద్రావణం తయారైనట్టు. దానికి మూడు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో పీహెచ్ 6.5 కంటే తగ్గితే ఆ బ్యాక్టీరియా పని ఆపేస్తుంది. కడిగి దంచిన ఆల్చిప్పల పొడి ఒక గుప్పెడు వేస్తే సర్దుకుంటుంది. నేను మొదటిసారి పదిహేనో రోజుకే తొందరపడి పోశాను. అమ్మోనియా లేదు కదా అనుకున్నాను, నైట్రైట్ చూడలేదు. స్పిరులినా చావలేదు గానీ రెండు వారాలు ఎదగలేదు.

తయారైన ద్రావణం పారదర్శకంగా, పలచటి టీ రంగులో ఉంటుంది, తడిమట్టి వాసన వస్తుంది. గాలి ఆపి ఒక పూట తేరనిచ్చి, పైది మాత్రం తీసి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టండి. తర్వాత పది నిమిషాలు తెర్లనివ్వండి. మరిగించకుండా ఎప్పుడూ పోయొద్దు. మూడు రోజులకి సరిపడా ఒక్కసారే మరిగించి, చల్లారాక మూతపెట్టి ఉంచుకోవచ్చు. డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డి కరివేపాకు చెట్టుకి వెయ్యండి. కొంత మడ్డి డ్రమ్ములోనే ఉంచితే రెండో విడత ఇంకా త్వరగా మాగుతుంది.

లెక్క చెబుతాను. వంద గ్రాముల ఎండు స్పిరులినా తయారవ్వాలంటే పది, పదకొండు గ్రాముల నత్రజని కావాలి. అరకిలో చెక్కలో ముప్పై గ్రాములుంటే సగం మడ్డిలో పోతుంది, సగం నీళ్లలోకి వస్తుంది. కాబట్టి ఈ ఒక్క డ్రమ్ము సుమారు నూట నలభై గ్రాముల పొడికి సరిపోతుంది. మన తొట్టికి ఒక నెల తిండి అది.

బూడిద, ఉప్పు, ఇనుము

సరుగుడు కట్టెలు, సుబాబుల్ కట్టెలు మనకి కొదవ లేదు. శుభ్రమైన కట్టె కాల్చిన తెల్ల బూడిద ఒక కిలో జల్లించి ఐదు లీటర్ల నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, తేరిన నీళ్లు వడకట్టుకోండి. ఇది పొటాష్ నీళ్లు. చేతికి జారుడుగా తగులుతుంది, కళ్లలో పడితే మండిపోతుంది, పిల్లలకి అందకుండా పెట్టండి. ప్లైవుడ్, రంగు వేసిన కలప, ప్లాస్టిక్ కలిసిన బూడిద వద్దు. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర బూడిద కుప్పలుగా దొరుకుతుంది గానీ, నేల ఊడ్చి పోసిన కుప్పలో పొగాకు తుక్కు కలుస్తుంది. అది తీసుకోకండి.

ఉప్పు అంటే కల్లుప్పు. ప్యాకెట్లో వచ్చే అయోడిన్ సన్న ఉప్పు కాదు. ఇసకపల్లి కొటార్ల నుంచి వచ్చే ఉప్పులో మెగ్నీషియం, గంధకం లాంటివి సముద్రం నుంచే వస్తాయి, అవి నాచుకి కావాలి. ఒకసారి నీళ్లలో కరిగించి, మట్టి తేరాక పైది వాడండి.

ఇనుముకి మామూలు ఇనప మేకులు. జింకు పూత పూసిన తెల్ల మేకులు వద్దు. గాజు సీసాలో గుప్పెడు మేకులు వేసి, మునిగేదాకా నిమ్మరసం పోసి, మూత వదులుగా పెట్టి రెండు వారాలు ఉంచండి. పొదలకూరు నిమ్మకాయలు సంచి వంద రూపాయలకి వచ్చే రోజుల్లో చేసి పెట్టుకుంటే ఏడాది సరిపోతుంది. రసం ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. నిమ్మలోని పులుపు ఇనుముని పట్టుకుని ఉంటుంది కాబట్టే క్షారపు నీళ్లలో అది వెంటనే అడుక్కి పోకుండా నాచుకి అందుతుంది.

తొట్టి నింపడం

240 లీటర్లకి వంటసోడా రెండు కిలోలు, కల్లుప్పు కిలో రెండు వందలు, బూడిద నీళ్లు ఒక లీటరు, చెక్క ద్రావణం ముప్పై లీటర్లు, మేకుల నిమ్మరసం పది మిల్లీలీటర్లు. వంటసోడా అని అడిగితే ఒక్కోచోట చాకలి సోడా ఇస్తారు, రెండూ ఒకటి కాదు. తినే సోడా అని గట్టిగా చెప్పి తీసుకోండి.

కానీ మొదటి రోజే తొట్టి నింపకండి. పది లీటర్ల విత్తనం తీసుకెళ్లి ఎండలో ఉన్న 240 లీటర్ల నీళ్లలో పోస్తే పలచబడి, వెలుతురు తట్టుకోలేక పాలిపోయి చస్తుంది. ముందు బకెట్‌లో ఆ విత్తనానికి ఇదే నిష్పత్తిలో చేసిన పది లీటర్ల నీళ్లు కలిపి, చెట్టు నీడలో పెట్టండి. నాలుగైదు రోజులకి ముదురు పచ్చ అవుతుంది. అప్పుడు మళ్లీ రెట్టింపు. అలా 20, 40, 80, 160, చివరికి పూర్తి తొట్టి. మూడు నాలుగు వారాలు పడుతుంది. పలచగా ఉన్నన్నాళ్లూ షేడ్‌నెట్ రెండు మడతలు వెయ్యండి.

రోజువారీ పని

కలపడమే పెద్ద పని. స్పిరులినా పైకి తేలి తెట్టుకడుతుంది, పైది ఎండకి మాడుతుంది, కిందిది చీకట్లో ఉంటుంది. పగలు కనీసం నాలుగైదు సార్లు శుభ్రమైన చీపురు లాంటిదానితో మెల్లగా అడుగు నుంచి కలియబెట్టండి. నేను కొన్నాళ్లకి చిన్న ఎయిర్ పంప్ పెట్టాను. మిక్సీలో తిప్పినట్టు జోరుగా కలిపితే ఆ స్ప్రింగులు తెగిపోతాయి.

ఆవిరైన మేరకి రోజూ నీళ్లు నింపాలి. అందులో మూడు లీటర్లు చెక్క ద్రావణం, మిగతాది మంచి నీళ్లు. వారానికోసారి మేకుల నిమ్మరసం పది మిల్లీలీటర్లు, నెలకోసారి బూడిద నీళ్లు పావు లీటరు. పీహెచ్ మీటర్‌తో వారానికి రెండుసార్లు చూడండి. మొదట్లో 8.3 దగ్గర ఉండి, నాచు పెరిగే కొద్దీ అదే 10కి ఎక్కుతుంది. 10.8 దాటితే కొన్ని నీళ్లు తీసేసి కొత్త సోడా నీళ్లు కలపండి.

వేడి 30 నుంచి 37 డిగ్రీల మధ్య దీనికి హాయి. నీళ్లు 40 దాటి గంటలు గంటలు ఉంటే చస్తుంది. మనకి సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ సగం దాకా మంచి కాలం, మళ్లీ జూలై నుంచి సెప్టెంబరు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగింటి దాకా రెండు మడతల నీడ, తొట్టి చుట్టూ తడి గోనెలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చిన వారం మా షీటు గాలికి లేచిపోయింది, తొట్టి పొర్లి సగం సోడా కొట్టుకుపోయింది. నీళ్లు పలచబడగానే వేరే పచ్చ నాచు దిగింది, మొత్తం పారబోశాను. అప్పటి నుంచి వాయుగుండం అని వార్త వినగానే ఐదు లీటర్ల కల్చర్ సీసాల్లో పట్టి ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకుంటాను.

తొట్టి ఎలా ఉందో చెప్పే గుర్తులు: నీళ్లు పసుపు పచ్చగా తిరిగితే నత్రజని చాలలేదు, ద్రావణం పెంచండి. ఆకుల్లో వచ్చినట్టు పాలిపోతే ఇనుము చాలలేదు. అంచుల్లో నీలం రంగు నీళ్లు కనిపిస్తే కణాలు పగులుతున్నాయి, అది తినకూడదు. కుళ్లు వాసన వస్తే ఆలోచించకుండా పారబోయండి. పారబోసేటప్పుడు మొక్కలకి మాత్రం పోయకండి, ఆ సోడా నేలని చౌడు చేస్తుంది.

కోత

రొయ్యల గుంటలో నీళ్ల చిక్కదనం చూడటానికి ముంచే సెచ్చీ డిస్క్ అనే పళ్లెం ముప్పై, నలభై సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోతే నీళ్లు బాగున్నాయంటాం. ఇక్కడ లెక్క వేరు. స్కేలు చివర తెల్లటి సీసా మూత అంటించి ముంచండి. మూడు సెంటీమీటర్ల లోపే మూత మాయమైతే కోతకి వచ్చినట్టు.

తెల్లవారి కోయండి, ఎండెక్కక ముందు మాంసకృత్తుల పాలు ఎక్కువగా ఉంటుంది. ముందు దోమతెర గుడ్డలో పోసి పురుగూ పుట్రా తీసేయండి. తర్వాత హేచరీల్లో వాడే బోల్టింగ్ క్లాత్, నలభై మైక్రాన్లది, గిన్నె మీద కట్టి మగ్గుతో పోయండి. కిందికి దిగే నీళ్లు పచ్చగా ఉండకూడదు, పలచటి టీ రంగులో ఉండాలి. పచ్చగా దిగితే తొట్టిలో వేరే సన్న నాచు కలిసినట్టే, ల్యాబ్‌లో చూపించండి. దిగిన నీళ్లు మళ్లీ తొట్టిలోకే. ఒక్కసారికి తొట్టిలో మూడో వంతుకి మించి వడకట్టకండి.

గుడ్డ మీద మిగిలిన ముద్ద పెరుగు మీగడలా ఉంటుంది, నల్లపచ్చ రంగు. చల్లటి తాగే నీళ్లు ఒక గ్లాసు చిలకరించి, గుడ్డ మూటకట్టి, రెండు పలకల మధ్య పెట్టి బరువు పెట్టండి. సోడా నీళ్లు కారిపోతాయి. అరగంటకి ముద్ద చేత్తో విరిస్తే జున్నులా విరుగుతుంది. నాలుక మీద పెట్టుకుంటే సోడా రుచి తగలకూడదు.

ఆ తడి ముద్ద మన ఎండల్లో ఐదారు గంటల్లో చెడుతుంది. వెంటనే తినాలి, లేదా ఫ్రిజ్‌లో రెండు రోజులు, లేదా ఎండబెట్టాలి. మురుకుల గొట్టంలో సన్న బిళ్ల వేసి, స్టీలు జల్లెడ మీద సేమియాలా ఒత్తండి. పైన పలచటి నల్లగుడ్డ కప్పి ఎండలో పెడితే సాయంత్రానికి పెళపెళ విరుగుతుంది. అరవై డిగ్రీలు దాటకుండా చూడండి. విరగకుండా వంగితే లోపల తడి ఉంది, బూజు పడుతుంది. గాలి చొరని సీసాలో, చీకట్లో పెట్టండి.

చెక్క ద్రావణంతో మా తొట్టి రోజుకి నాలుగైదు గ్రాముల పొడి ఇస్తుంది. రసాయన పోషకాలతో దాదాపు రెట్టింపు వస్తుంది. ఆ తేడా ఉంటుందని ముందే తెలుసుకుని మొదలుపెట్టండి. చెక్క నీళ్ల రంగు కూడా క్రమంగా ముదిరి వెలుతురుకి అడ్డం వస్తుంది, అందుకని రెండు మూడు నెలలకోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి.

తినడం

మొదటి కోతే తినేయకండి. మొదటి రెండు కోతలు నేను కోళ్లకి పెట్టాను. తర్వాతది ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లని పరీక్షించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపి సూక్ష్మజీవులు, సీసం, ఆర్సెనిక్ చూపించాను. ఖర్చవుతుంది. అయినా ఇంట్లో వాళ్లకి పెట్టేముందు ఆ కాగితం చేతిలో ఉండాలి. చిన్నపిల్లలకి, గర్భిణులకి డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు తినకూడదు. గౌట్, లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా ముందు డాక్టర్ని అడగాలి. అలాగే శాకాహారులకి బీ12 దీన్నుంచి వస్తుందని నమ్మకండి. ఇందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రకం.

ఒక గ్రాముతో మొదలుపెట్టి, కడుపుకి పడితే వారంలో మూడు నాలుగు గ్రాములకి వెళ్లండి. మజ్జిగలో కలిపితే వాసన తెలుస్తుంది. మా అమ్మ కరివేపాకు కారప్పొడిలో పదోవంతు కలిపింది, ఇడ్లీల్లోకి ఎవరూ గుర్తుపట్టలేదు. అన్నంలో వేడి నెయ్యి, ఆ పొడి, నిమ్మకాయ పిండుకుంటే నిమ్మలోని సి విటమిన్‌తో ఇనుము కూడా బాగా పడుతుంది. పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికించకండి, రంగూ సారమూ పోతాయి.

ఎవరికైనా అమ్మాలనుకుంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి తప్పనిసరి. నేను అమ్మడం లేదు. మా పక్కింటి పెద్దాయన మాత్రం మొన్న ల్యాబ్ కాగితం చూపించమని అడిగి, కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివి, ఐదు లీటర్ల విత్తనం పట్టుకెళ్లాడు. ఆయన డ్రమ్ములో ఈరోజుకి చెక్క వేయడం ఆరో రోజు.